మంచుత్రోవలో ముప్పదియైదు మైళ్లు

మేము మెక్సికోలో కాపురము పెట్టితిమని తెలిపినప్పుడు మా యత్తవారి వైపు బంధువులలో సగముమంది మేము వేరొక దేశమునకు వలసపోయితిమనియే తలచిరి. అచ్చట ఎండలు మెండుగా కాయునట, ఒరుగులు చక్కగా ఎండునని ఒక పెద్దమ్మగారు సంతోషించిరి కూడ. నిజమునకు మా మెక్సికో అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రపు ఉత్తర భాగమున, ఒంటారియో సరస్సునకు దాపుననున్న యొక చిన్న గ్రామము. ఎండల మాట అటుంచి, డిసెంబరు మొదలుకొని మార్చి వరకు పెరటిలో నేల కనబడిన దినమున ఇరుగుపొరుగువారు ఆ వింతను గూర్చి మాటలాడుకొందురు.

మా వారు పడమట 15 మైళ్ల దూరముననున్న ఆస్వీగో పట్టణపు కళాశాలలో పని చేయుచున్నారు. మా యుద్యోగమా, దక్షిణమున 35 మైళ్ల దూరముననున్న సిరక్యూసు నగరములో ఒక వైద్యశాలకు చెందిన పరీక్షాగారమున. ఇరువురకును నడుమ నుండుననియు, ఇంటి అద్దె చౌక యనియు ఈ గ్రామమును కోరుకొంటిమి. వేసవిలో ఆ ఎన్నిక ఎంతయో తెలివిగలదిగా తోచినది. ఇరుప్రక్కల ఆపిలు తోటలు, మొక్కజొన్న చేలు, త్రోవలో బ్రూవర్టను వద్ద వంతెన క్రింద నిదానముగా పారు ఏరు, ఇవన్నియు చూచుచు ప్రొద్దున్నే కారు నడుపుకొని పోవుట పనిగా కాక విహారముగా నుండెడిది.

ఇచ్చటి మంచు సంగతి మేము పుస్తకములలో చదివినది వేరు, కన్నులార చూచినది వేరు. ఒంటారియో సరస్సు మిక్కిలి లోతైనది. కొన్ని చోట్ల 800 అడుగులు దిగును. అంత లోతుండుటచే అది చలికాలమున సయితము పూర్తిగా గడ్డకట్టుట మిక్కిలి అరుదు. ఉత్తరమునుండి వీచు కొరకొరలాడు గాలి ఆ నులివెచ్చని నీటిమీదుగా వచ్చునప్పుడు తేమను పీల్చుకొనును. డిసెంబరు ఉదయమున ఒడ్డున నిలిచి చూచితిమేని, సరస్సంతయు పొయ్యిమీది గంగాళమువలె పొగలు గ్రక్కుచుండును. ఆ తేమయే మేఘమై, ఒడ్డు దాటగానే మంచై కురియును. అదియు దేశమంతట సమముగా కురియదు. సన్నని పట్టీలుగా కురియును. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండవ కొమ్ము తడియని వాన యని మన పల్లెలలో హాస్యమునకు చెప్పుకొందురు గదా, ఇచ్చట అది హాస్యము కాదు. సిరక్యూసులో ఎండ కాయుచుండగా మా యూరిలో ఎదుటి యిల్లు కనబడదు. సిరక్యూసు నగరమునందే సాలీనా సగటున 120 అంగుళములకు మించి మంచు పడును. మాకు తూర్పుననున్న టగ్ హిల్ అను మెట్టప్రాంతమున 200 అంగుళములు దాటుటయు కలదు. 2007 ఫిబ్రవరిలో ఆ మెట్టమీది రెడ్‌ఫీల్డు అను ఊరిలో పండ్రెండు దినములలోపల 141 అంగుళముల మంచు కురిసినది. అనగా పదునొకండు అడుగులకు పైమాట.

మొదటి చలికాలమున మా వద్దనున్నది ఒక పొట్టి కారు. ఇంజను శక్తి ముందు చక్రములు రెంటికే అందును. వెనుక చక్రములు ఊరక దొర్లుచు వెంటవచ్చును. లోకములోని కార్లలో పెక్కు అట్టివే. సంక్రాంతి వెళ్లిన మూడవనాడు, పని ముగించుకొని చీకటి పడిన పిమ్మట ఇంటికి బయలుదేరితిమి. సెంట్రల్ స్క్వేరు అను ఊరు దాటువరకు రోడ్డు పొడిగానే యున్నది. అటుపిమ్మట ఎవరో తెర దించినట్లు మంచు. పెద్దరోడ్డు వీడి మా యూరి రోడ్డునకు మరలితిమి. ఒక చిన్న మెట్ట యెక్కునప్పుడు ముందు చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగసాగినవి. బండి వెనుకకు జారి, అడ్డము తిరిగి, రోడ్డు ప్రక్కనున్న గోతిలో ఒదిగినది. మాకు దెబ్బ తగులలేదు. ఫోను చేయగా, బండి లాగువారు రెండు గంటలకు గాని రాలేమనిరి. చలికి తాళలేక ఇంజను ఆపకుండ కూర్చుంటిమి.

ముప్పావుగంట గడచిన తరువాత ఒక రైతు ట్రాక్టరుతో వచ్చెను. మమ్ము పలుకరింపకుండగనే ఆయన తిన్నగా బండి వెనుకకు పోయి, పొగగొట్టమును కప్పియున్న మంచును బూటుకాలితో తొలగించెను. పిమ్మట మా వద్దకు వచ్చి, చిన్నపిల్లలను మందలించినట్లు మందలించెను. గొట్టము మూసికొనిపోయినచో ఆ విషవాయువు బండిలోనికే వచ్చునట. వాసన యుండదు, నిద్ర వచ్చినట్లే యుండునట. మాకప్పటికే తల కొంచెము బరువుగా నుండెను. అది భయమువలననే యని యనుకొంటిమి. సోదరీమణులారా, మంచు కురియు దేశములలో మీ బిడ్డలెవరైన నుండినచో ఈ యొక్క మాట మాత్రము తప్పక వారి చెవిని వేయుడు.

ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. మా వారు ఆస్వీగోలోనే చిక్కుకొనియుండిరి. ఆరేండ్ల మా యమ్మాయి పొరుగింటివారి కిటికీ వద్ద, బడినుండి వచ్చినప్పుడు తొడిగియున్న బూట్లు విప్పకుండ అట్లే కూర్చుండియున్నది. ఏడ్వలేదు. ఆనాటినుండి మాత్రము మేము ఉదయమున తాళపుచెవి తీయగానే కిటికీ వద్దకు పోయి ఆకాశము చూచి వచ్చుట నేర్చుకొన్నది.

తెనాలినుండి మా యత్తగారు ఫోనులో, “అమ్మాయీ, నాలుగు నెలలు ఇంటిపట్టున ఉండరాదా? డబ్బు పోయినా మళ్లీ వస్తుంది” అనిరి. ఆమె మాటలో ప్రేమయే గాని అధికారము లేదు. కాని ఈ యుద్యోగము కొరకు మేము ఈ దేశమున మరల రెండేండ్లు చదివి, పరీక్షలిచ్చితిమి. ఒకసారి వదలినచో మరల దొరకుట సులభము కాదు. మరియొక సంగతి యుండెను. మా నాయనగారికి గుంటూరులో వారమునకు మూడుసార్లు జరుగు డయాలిసిస్ చికిత్సకు మా జీతమునుండియే నెలనెలా సొమ్ము పోవుచుండెను. కావున, పని మానరాదు. ఆ బండిలో పోరాదు. మిగిలిన మార్గము నాలుగు చక్రములకును శక్తి యందు బండి నొకదానిని సంపాదించుట. ఈ మాట చెప్పగా మా యత్తగారు, “ఇప్పుడున్న దానికి మూడే చక్రాలా యేమి?” అని యడిగిరి.

మేము పొదుపు చేసికొన్నది పదివేల డాలర్లు. కొత్తబండ్లు మా చేతికందనివి. 2021 మొదలుకొని, కార్లకు వలయు విద్యుత్పరికరముల కొరతచే కొత్తబండ్లు తగ్గి, పాతబండ్ల ధరలును మిన్నంటినవి. 2022 వేసవియంతయు, ప్రతి ఆదివారమును, మంచు జాడయే లేని పచ్చని లోకమున, మంచుకాలపు బండికై వెదకుచు తిరిగితిమి.

మా వారి మనస్సు మొదట పెద్ద ట్రక్కుమీదికి పోయినది. ఇచ్చటి రైతులందరివద్దను అట్టివే యున్నవి. ఎత్తుగా, బలముగా, ఏనుగువలె నుండును. కాని వానిలో పెక్కింట నాలుగు చక్రములకును శక్తి ఎల్లప్పుడు అందదు. మంచు వచ్చినప్పుడు మీట త్రిప్పి కలుపుకొనవలెను. పొడిరోడ్డు రాగానే విడదీయవలెను. ఏలయన, బండి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములును వెనుక చక్రములును ఒకే దూరము పోవు. రెంటిని బిగించి యుంచినచో, జారుడు నేలమీద చక్రము కొంత జారి సర్దుకొనును గాని, పొడిరోడ్డున ఆ వీలు లేక టైర్లును లోపలి పండ్లచక్రములును అరిగిపోవును. మా త్రోవయా, మూడు మైళ్లు పొడి, రెండు మైళ్లు మంచు, మరల పొడి. చీకటిలో ఎన్నిసార్లని మీట త్రిప్పగలము? దినమునకు 70 మైళ్లకు ఆ ఏనుగు త్రాగు పెట్రోలు లెక్క చూచుకొనగా మా వారే వెనుదీసిరి.

అడుగకుండనే శక్తిని నాలుగు చక్రములకు పంచుచుండు రకము వేరొకటి కలదు. దానినే ఆల్ వీల్ డ్రైవు అందురు. దాని కథ కొంచెము వినదగినది. రెండవ ప్రపంచయుద్ధమున, 1941 నాటినుండి, జీపు ఊరూర పేరుపొందినది. మన దేశమునకును తరువాత వచ్చినది. బురదలో, గుట్టలలో దానికి సాటి లేదు గాని, దానిలో కూర్చుండువారి నడుముల సంగతి జీపు ఎక్కినవారికే తెలియును. ఉత్తర జపానులో తోహోకు ప్రాంతపు విద్యుత్సంస్థవారు, మంచుకాలమున కొండలలో తీగలను తనిఖీ చేయు తమ పనివారికి జీపుకంటె వెచ్చగా, సుఖముగా నుండు బండి కావలెనని కోరిరి. దానినుండియే సుబారు కంపెనీవారు నాలుగు చక్రములు లాగు కారును రూపొందించి, 1972 లో లియోనె అను పేర అమ్మకమునకు పెట్టిరి. సైన్యము కొరకు గాక, ప్రొద్దున లేచి మంచులో పనికి పోవలసిన వారి కొరకు పుట్టినదని తెలిసినప్పుడు ఆ బండి జాతిమీద మాకొక విధమైన బంధుభావము కలిగినది.

సుబారు ఫారెస్టరు, టొయోటా రావ్ 4, హోండా సి. ఆర్. వి. అను మూడు రకములను పరిశీలింప నిశ్చయించితిమి. ఆ పరిశీలనకు మాకు గురువు దొరకినది రెండు వీథుల ఆవలనున్న ఒక ముసలి మెకానిక్కు. ఆయన మొదటి పాఠము నొక్క మాటలో చెప్పెను. ముందుకు పోవుటకు కొన్ని బండ్లకు రెండు చక్రములు, కొన్నింటికి నాలుగు. ఆగుటకు మాత్రము అన్ని బండ్లకును నాలుగే. కావున ఆ యధికపు రెండు చక్రములు మిమ్ము గోతిలోనుండి బయటికి లాగునే గాని, గోతిలో పడకుండ ఆపజాలవనెను. మొదటి మంచు పడిన దినమున గోతులలో పడియుండు బండ్లలో నాలుగు చక్రములవే పెక్కుండునట. నాకేమి భయమని వేగముగా పోవుట దానికి కారణమట.

రెండవ పాఠము తుప్పు. రోడ్లమీది మంచు కరుగుటకు ఇచ్చట లారీలతో ఉప్పు చల్లుదురు. వింతయేమనగా, సిరక్యూసునకు ఉప్పునగరమనియే పేరు. 19 వ శతాబ్దమున అచ్చటి ఉప్పునీటి ఊటలనుండి ఉప్పు వండి, ఈరీ కాలువమీద పడవలలో దేశమంతటికి పంపెడివారు. నేడు ఆ ఉప్పుబట్టీలు లేవు గాని, ఉప్పు మాత్రము ప్రతి బండి కడుపు క్రింద కాపురమున్నది. ఉప్పునీరు అడుగుభాగపు ఇనుమును తొలిచివేయును. మేమొక ఎర్రని బండిని చూచి, దాని మెరుగునకు మురిసి, బయానా ఇచ్చుటకే సిద్ధపడితిమి. ముసలాయన నేలమీద వెల్లకిల పరుండి, క్రిందికి దూరి, స్క్రూడ్రైవరుతో అడుగు చట్రమును పొడిచెను. అది పాతగోడ పెచ్చువలె రాలెను. ఇత్తడి బిందె కొనునప్పుడు మన పెద్దలు బోర్లించి అడుగున తట్టి చూచుట ఊరకనేనా?

తుదకు రెండు బండ్లు మిగిలినవి. ఒకటి నాలుగేండ్ల చిన్నది, లోపల అద్దమువంటిది, 9,800 డాలర్లు. టైర్లు మాత్రము అరిగినవి. రెండవది 2013 నాటి ఫారెస్టరు, 1,12,000 మైళ్లు తిరిగినది, 8,300 డాలర్లు. ఒక ప్రక్క తలుపుమీద గీత, సీటుమీద మరక. కాని అది అంతకాలమును ఉప్పు అంతగా చల్లని నార్తు కారొలైనా రాష్ట్రమున ఒక వృద్ధదంపతుల యింట నుండి వచ్చినది. అడుగున స్క్రూడ్రైవరు గుచ్చినను ఠంగుమనెను. నేలకును బండి కడుపునకును నడుమ సుమారు ఎనిమిదిన్నర అంగుళముల ఎడము. మంచు లోతైనప్పుడు ఈ ఎడము తక్కువైనచో బండి మంచుమీద పీటవలె కూర్చుండిపోవును, చక్రములెన్ని తిరిగినను ప్రయోజనముండదు.

మా వారికి మొదటిదానిమీద మక్కువ. ఎన్నడు లేనిది మేమిరువురమును రెండు రాత్రులు ఈ విషయమున మాటామాట అనుకొంటిమి. పాతదానిని కొని మిగిలిన సొమ్ముతో చలికాలపు టైర్లు కొందమని మా పట్టు. ఉన్న టైర్లు మంచివే గదా, ఎడ్లు కొన్నవాడు ఎడ్లకు చెప్పులు కూడ కొనవలెనా యని వారి వాదము. కడకు ముసలాయన తీర్పు చెప్పకుండ ఒక పావలా నాణెము చేతికిచ్చి, టైరు గాడిలో వాషింగ్టను తల క్రిందుగా నుండునట్లు గ్రుచ్చి చూడుడనెను. తల పైభాగము కూడ మునుగకున్నచో ఆ టైరు మంచుకు పనికిరాదట. మొదటి బండి టైర్లలో ఆయన జుట్టంతయు కనబడినది. పాతదానివి కొంత మేలు గాని, అవియు అన్ని కాలములకు ఒకటే యను రకము.

ఆ రకములోని రబ్బరు, వేడిమి ఏడు డిగ్రీలకు దిగగానే చలికి పేరిన కొబ్బరినూనెవలె బిగిసిపోవును. చలికాలపు టైర్ల రబ్బరు ఎంత చలిలోనైనను మెత్తగానే యుండి నేలను పట్టుకొనును. వాని ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండ, దానిలో మంచురేకు గుర్తు వేసియుండును. ఆ గుర్తు లేనిది కొనరాదు. మాకు ఉత్తరముననున్న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 2008 నుండి చలికాలమున అట్టి టైర్లు లేకుండ కారు నడుపుట చట్టవిరుద్ధము. మా రాష్ట్రమున అట్టి నిర్బంధము లేదు. ఎవరి ప్రాణము వారి యిష్టము కాబోలు!

పాతబండినే కొంటిమి. నాలుగు టైర్లకు బిగింపుతో కలిపి 740 డాలర్లు, అడుగున తుప్పు పట్టకుండ నూనెపూతకు 160 అయినవి. నాలుగు టైర్లును ఒక్కతీరుగా నుండవలెను. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసినచో వాని చుట్టుకొలతలు వేరై, శక్తిని పంచు యంత్రము వ్యర్థముగా శ్రమపడి చెడిపోవును. టైర్లు మార్పించుటకు ముందే నవంబరులో తొందరపడి ఒక మంచు వచ్చినది. మా వారు బడి ఎదుటి ఖాళీస్థలమున గంటకు 20 మైళ్ల వేగమున పోయి బ్రేకు నొక్కి, బండి ఆగిన దూరమును అంగలతో కొలిచిరి. 26 అంగలు. మరుసటి వారము కొత్త టైర్లతో, అదే స్థలమున, అటువంటి మంచుమీదనే, 18 అంగలు. వారు ఏమియు ననలేదు. ఆ యెనిమిది అంగలును మరల ఒకసారి ఊరక నడచి చూచి వచ్చిరి.

ఇప్పుడు మా ప్రయాణము ఎట్లుండునో చెప్పెదము. ఉదయము అయిదింటికి లేచి, చీపురుతో బండిమీది మంచు దులిపెదము. దీపములు, వెనుక అద్దము, పైకప్పు కూడ. వెనుకభాగమున ఒక పార, ఇసుక సంచి, రెండు దుప్పట్లు, టార్చిదీపము, వేయించిన శనగలు, జంతికలు. మెట్టవద్దకు రాగానే మునుపటివలె గుండె దడదడలాడును గాని, బండి మారుమాటాడక ఎక్కును. ముందు చక్రము జారినదని తెలియునంతలోనే వెనుక చక్రములు నెట్టును. నాట్లువేయు మడిలో ఒక కాలు దిగబడగా రెండవ కాలు ఊతయైనట్లు. పెద్దరోడ్డున మంచు త్రోయు లారీలు మూడు ఏటవాలుగా ఒకదాని వెనుక నొకటి పోవుచుండును. వానిని దాటిపోవు తొందరగాండ్రను చూచుచు మేము వెనుకనే నిదానముగా పోవుదుము. ఎడమ ప్రక్క తూర్పు తెల్లవారునప్పటికి సిసెరో చేరుదుము. అచ్చటికి తరచు మంచు ఆగిపోవును. వెనుదిరిగి చూచితిమేని, మేము దాటివచ్చినది నేలకును నింగికిని నిలిపిన నల్లని గోడవలె కనబడును.

ఆ బండి తీసికొనిపోలేని దినములును గలవు. 2022 డిసెంబరులో క్రిస్మసు పండుగనాటి తుఫాను మాకు పడమట 150 మైళ్ల దూరముననున్న బఫలో నగర ప్రాంతమును ముంచినప్పుడు 40 మందికి మించి మరణించిరి. వారిలో కొందరు తమ బండ్లలోనే చనిపోయిరి. వారిలో ఎందరికి మంచి బండ్లున్నవో! కన్ను కనబడనిచోట చక్రములెన్ని యుండి యేమి? మరుసటి ఫిబ్రవరిలో ఒకనాటి యుదయము పారిషు వద్ద మా బండి ముక్కు మాకే కనబడలేదు. ఎట్లో నెమ్మదిగా మరలించుకొని ఇంటికి వచ్చి, పరీక్షాగారమునకు ఫోను చేసితిమి. ఆనాటి జీతము కోసికొనిరి. పై యధికారి కొంచెము విసుగుకొనిరి. మా యమ్మాయి మాత్రము తానే తాళపుచెవిని తీసికొనిపోయి మేకునకు తగిలించినది.

మార్చి తుదిని రోడ్లు తెల్లని ఉప్పుచారలతో పెండ్లి వెళ్లిన పందిరివలె నుండును. అప్పుడు బండిని కడిగించుటకు తీసికొనిపోయి, పైభాగమునకంటె అడుగుభాగమునకే ఎక్కువ నీరు కొట్టింతుము. ఏప్రిలులో చలికాలపు టైర్లు విప్పించి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, నేలమాళిగలో ఆవకాయ జాడీల ప్రక్కన పేర్చితిమి. మా వారు సుద్దముక్కతో ఏ టైరు ఏ ప్రక్కదో వానిమీద వ్రాసిరి. మా యమ్మాయి ఆ దొంతరనెక్కి కూర్చుండి, నాయనమ్మకు ఫోనులో, మా బండికి ఎనిమిది చక్రములని గొప్పగా చెప్పుచుండెను.